కస్టమ్స్ ఫీజు కట్టక ఆగిపోయిన పార్శిల్: విదేశీ ఆర్డర్లు పంపే ఆన్‌లైన్ అమ్మకందారులకు సమగ్ర మార్గదర్శి

పార్శిల్ అవతలి దేశం చేరింది. ట్రాకింగ్‌లో మూడు రోజులుగా ఒకటే ముక్క కనిపిస్తోంది: "దిగుమతి చార్జీలు చెల్లించాలి." కస్టమర్ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. లేదంటే ఒక్క వాక్యం వచ్చింది: "నేను డబ్బు కట్టేశాను కదా, మళ్ళీ ఇదేంటి?" విదేశాలకు అమ్మేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ పరిస్థితి ఎదురవుతుంది.

నాకు మొదటిసారి ఎదురైనప్పుడు నేనేమీ చేయలేదు. దిగుమతి చార్జీలు కొన్నవాళ్ళవే కదా, వాళ్ళే చూసుకుంటారు అనుకున్నాను. పార్శిల్ వెనక్కి వచ్చింది. దాని వెనకే కొరియర్ కంపెనీ బిల్లు కూడా వచ్చింది: తిరుగు రవాణా, గోడౌన్‌లో ఉంచిన రోజులకు చార్జీ. ఆ తర్వాత కస్టమర్‌ను అడిగితే ఆవిడ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "డబ్బు కట్టమని లింక్‌తో మెసేజ్ వచ్చింది, మోసం అనుకుని తీసేశాను." ఆవిడకు వస్తువు కావాలి, కట్టడానికి అభ్యంతరమూ లేదు. ఆ మెసేజ్ అసలుదని చెప్పాల్సింది నేను, చెప్పలేదు.

కట్టని ఫీజుల్లో చాలా వాటి వెనక మొండితనం ఉండదు. తెలియకపోవడమో, నమ్మకపోవడమో ఉంటుంది. అందుకే ట్రాకింగ్ ఆగిన మొదటి రెండు రోజులే మీ చేతిలో ఉన్న అసలు సమయం. ఆ రెండు రోజుల్లో ఏం చేయాలో, అప్పటికీ తేలకపోతే తర్వాత ఏం చేయాలో వరసగా చెబుతాను.

మొదటి అడుగు: ఆ బిల్లు ఎవరిదో తేల్చుకోండి

మీరు షిప్పింగ్ లేబుల్ ప్రింట్ తీసినప్పుడు ఒక షరతు ఎంచుకుని ఉంటారు. గమనించకపోయినా సాఫ్ట్‌వేర్ మీ తరఫున ఎంచుకునే ఉంటుంది. డీఏపీ అంటే సరుకు చేర్చే బాధ్యత మీది, దిగుమతి సుంకాలు, పన్నులు కస్టమర్‌వి. డీడీపీ అంటే అవి కూడా మీవే. కొన్ని కొరియర్ ఫారాల్లో ఇంకా డీడీయూ అని కనిపిస్తుంది. ఇలాంటి అంతర్జాతీయ వ్యాపార షరతుల జాబితా అయిన ఇన్‌కోటర్మ్స్‌ను 2010లో సవరించినప్పుడు ఆ పేరు తీసేశారు, వాడుకలో మాత్రం పోలేదు. డీఏపీ అనే అర్థం చేసుకోండి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. డీఏపీ అనేది మీకూ కస్టమర్‌కూ మధ్య ఉన్న ఒప్పందం. మీకూ కొరియర్‌కూ మధ్య ఉన్న ఒప్పందం వేరు. పెద్ద ఎక్స్‌ప్రెస్ కొరియర్ల నిబంధనల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: తీసుకునేవారు చెల్లించకపోతే పంపినవారే చెల్లించాలి. కొరియర్ తరచూ సుంకాన్ని ముందు తన జేబులోంచి కట్టి సరుకు విడిపిస్తుంది, తర్వాత వసూలు చేసుకుంటుంది. కస్టమర్ తలుపు తీయకపోతే ఆ బిల్లు తిరిగి తిరిగి మీ ఖాతాకే చేరుతుంది.

పోస్టల్ సర్వీసు దారి వేరు. అక్కడ గమ్యదేశపు పోస్టాఫీసు ఫీజు అడిగి, కొన్నాళ్ళు ఉంచుకుని, ఎవరూ కట్టకపోతే వెనక్కి పంపేస్తుంది. పార్శిల్ ఫారంలో "చేరకపోతే ఏం చేయాలి" అని ఒక గడి ఉంటుంది, వెనక్కి పంపాలా, వదిలేయాలా అని. అది పూరించకుండా వదలకండి. తక్కువ ధర వస్తువుకు తిరుగు రవాణా వస్తువు కంటే ఎక్కువ పడవచ్చు.

రెండో అడుగు: నిజంగా డబ్బు కోసమే ఆగిందా?

ట్రాకింగ్‌లో "కస్టమ్స్‌లో ఆగింది" అని చూడగానే ఫీజు అనుకోకండి. మూడు రకాల ఆగుడు ఉంది, మూడింటికీ మందు వేరు.

డబ్బు కోసం ఆగితే కస్టమర్‌కు నోటీసు వెళ్ళి ఉంటుంది. సమాచారం కోసం ఆగితే డబ్బు కట్టినా కదలదు. బ్రెజిల్‌కు పంపే పార్శిల్‌కు కొన్నవారి సీపీఎఫ్ నంబరు (అక్కడి పన్ను గుర్తింపు సంఖ్య) కావాలి. దక్షిణ కొరియాకు వ్యక్తిగత కస్టమ్స్ క్లియరెన్స్ కోడ్ కావాలి. ఈ నంబరు ఆర్డరప్పుడే అడిగి ఉండకపోతే పార్శిల్ అక్కడే కూర్చుంటుంది. మూడోది విలువ మీద అనుమానం. మీరు రాసిన ధర నమ్మక, చెల్లింపు రుజువు అడుగుతారు. అప్పుడు ఇన్వాయిస్‌తో పాటు ఆర్డర్ పేజీ, డబ్బు జమ అయిన రసీదు పంపితే సాధారణంగా సరిపోతుంది.

ఏ రకమో ట్రాకింగ్ పేజీ చూసి ఊహించవద్దు. కొరియర్‌కు ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి: ఎంత బాకీ, అందులో సుంకం ఎంత, పన్ను ఎంత, మీ సర్వీసు ఫీజు ఎంత; నోటీసు ఏ ఫోన్‌కు, ఏ ఈమెయిల్‌కు వెళ్ళింది; గడువు ఏ తేదీ; గడువు దాటితే ఏం చేస్తారు. ఫోన్‌లో చెప్పినదే చాట్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. ఇది తర్వాత పనికొస్తుంది.

నోటీసు గురించిన రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలాసార్లు ముడి అక్కడే విడిపోతుంది. లేబుల్ మీద కస్టమర్ ఫోన్ నంబరు లేక, దేశం కోడ్ తప్పు పడి, లేదా మీ నంబరే పడి, నోటీసు అసలు వాళ్ళకు చేరి ఉండదు.

మూడో అడుగు: మీరే లెక్క వేసి చూడండి

కస్టమర్‌కు రాసే ముందు ఆ మొత్తం సరైనదో కాదో మీకు తెలియాలి. ఒక లెక్క చూద్దాం. యూరోపియన్ యూనియన్‌లోని ఒక దేశానికి 200 యూరోల వస్తువు, 20 యూరోల రవాణా ఖర్చు. అక్కడ సుంకం వేసే విలువలో రవాణా కూడా కలుస్తుంది, కాబట్టి 220. సుంకం 10 శాతం అనుకుంటే 22 యూరోలు. ఇప్పుడు వ్యాట్ 220 మీద కాదు, సుంకం కలిపిన 242 మీద. 20 శాతం అయితే 48.40. రెండూ కలిపి 70.40. దీనిమీద కొరియర్ తన సర్వీసు ఫీజు ఒక 15 వేసిందనుకోండి, మొత్తం 85.40 యూరోలు.

అంటే 220 కట్టిన మనిషిని ఇంకో 85 అడుగుతున్నాం. ఈ లెక్క ఒకసారి చేసి చూస్తే కస్టమర్ కోపం అన్యాయంగా అనిపించదు. అమెరికాలో సుంకం లెక్కకు అంతర్జాతీయ రవాణా ఖర్చును సాధారణంగా కలపరు, అందుకే అదే వస్తువుకు అక్కడ లెక్క వేరుగా వస్తుంది.

మీ లెక్కకూ వాళ్ళ బిల్లుకూ పొంతన లేకపోతే ముందుగా చూడాల్సినవి: ఇన్వాయిస్‌లో కరెన్సీ తప్పు చదివారా, ఒక్కో వస్తువు ధర రాయాల్సిన చోట మొత్తం ధర రాసి, దాన్ని మళ్ళీ సంఖ్యతో గుణించారా, హెచ్‌ఎస్ కోడ్ (వస్తువు రకాన్ని తెలిపే కస్టమ్స్ సంఖ్య) మార్చేశారా. తప్పు ఉంటే ఫీజు కట్టకముందే సవరించమని అడగడం తేలిక. కట్టాక వాపసు తెచ్చుకోవడం నెలల పని.

యూరప్ ఆర్డర్లలో ఇంకో తప్పు తరచూ దొర్లుతుంది. 150 యూరోలలోపు ఆర్డరుకు మీరు ఐఓఎస్ఎస్ పద్ధతిలో (దిగుమతి వ్యాట్‌ను అమ్మకం సమయంలోనే వసూలు చేసే యూరప్ ఏర్పాటు) వ్యాట్ ముందే వసూలు చేశారు, కానీ మీ ఐఓఎస్ఎస్ నంబరు కొరియర్‌కు ఎలక్ట్రానిక్ డేటాలో వెళ్ళలేదు. దాంతో కస్టమ్స్‌వాళ్ళు వ్యాట్ మళ్ళీ అడుగుతారు. ఇక్కడ కస్టమర్ తప్పు ఒక్క పిసరు కూడా లేదు. కొరియర్‌కు నంబరు పంపి సరిచేయించండి. ఆలస్యమై కస్టమర్ కట్టేసి ఉంటే, కట్టిన రసీదు తీసుకుని మీరు వసూలు చేసిన వ్యాట్ తిరిగి ఇచ్చేయండి, మీ ఐఓఎస్ఎస్ రిటర్న్‌లో సవరించుకోండి. ఆ నంబరును పెట్టె మీద ముద్రించి ఊరంతా తిప్పకండి, ఎవరైనా దుర్వినియోగం చేయవచ్చు.

నాలుగో అడుగు: కస్టమర్‌కు రాయండి, ఈరోజే

ఆ మెసేజ్‌లో ఐదు విషయాలు ఉండాలి: పార్శిల్ ఎక్కడుంది, ఎంత కట్టాలి, ఆ డబ్బు ఎవరికి వెళ్తుంది, ఎలా కట్టాలి, ఎప్పటిలోగా. మా పాలసీలో రాశాం కదా అన్న మాట మొదటి మెసేజ్‌లో వద్దే వద్దు. అది నిజమే కావచ్చు, కానీ ఆ మాట చదివిన మనిషి కార్డు తీయడు, కంప్లైంట్ రాస్తాడు.

నేను పంపేది ఇంచుమించు ఇలా ఉంటుంది, కస్టమర్ భాషలోకి మార్చుకుని:

"నమస్కారం. మీ ఆర్డర్ మంగళవారం మీ దేశానికి చేరింది. మీ ప్రభుత్వం విధించే దిగుమతి సుంకం, పన్ను కలిపి 70.40 యూరోలు, కొరియర్ సర్వీసు ఫీజు 15 యూరోలు చెల్లిస్తే మీ ఇంటికి తెచ్చి ఇస్తారు. ఇందులో మాకు వచ్చేది ఏమీ లేదు. మీకు వచ్చిన మెసేజ్‌లోని లింక్ నొక్కాల్సిన పని లేదు; కొరియర్ వెబ్‌సైట్‌ను మీరే తెరిచి ఈ ట్రాకింగ్ నంబరు కొట్టండి, అక్కడే ఈ మొత్తం కనిపిస్తుంది. గడువు వచ్చే సోమవారం. ఏదైనా తేడాగా అనిపిస్తే నాకు రాయండి, కొరియర్‌తో నేను మాట్లాడతాను."

లింక్ గురించిన ఆ వాక్యం తీసేయకండి. కస్టమ్స్ ఫీజు పేరుతో దొంగ మెసేజ్‌లు ప్రపంచమంతా తిరుగుతున్నాయి, జాగ్రత్తపరుడైన కస్టమర్ అనుమానించడమే సరైన పని. మీరు కూడా చెల్లింపు లింక్ పంపకండి. దారి చెప్పండి, కట్టేది వాళ్ళే వెళ్ళి కడతారు.

ఈ మెసేజ్ మీరు అమ్మిన ఆన్‌లైన్ వేదికలోని ఇన్‌బాక్స్‌లోనే పంపండి. ఫోన్‌లో మాట్లాడినా, దాని సారాంశం అక్కడ మళ్ళీ రాయండి. రేపు వివాదం వస్తే ఆ వేదిక చూసేది దాని ఇన్‌బాక్స్‌నే. జవాబు లేకపోతే రెండు రోజుల తర్వాత ఒకసారి, గడువుకు ముందు రోజు మరోసారి రాయండి. అంతకు మించి వద్దు.

ఐదో అడుగు: కట్టనంటే ఏం చేయాలి

ఇక్కడ పౌరుషానికి పోతే నష్టం. లెక్క ప్రకారం వెళ్ళండి. ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోండి: బాకీ ఫీజు, తిరుగు రవాణా, వస్తువు వెనక్కి వస్తే మళ్ళీ అమ్మగల ధర, కస్టమర్‌కు ఇవ్వాల్సి వచ్చే రీఫండ్.

వస్తువు ఒక్కరి కోసమే చేసినదైతే, అంటే పేరు చెక్కినదో, కొలతలకు కుట్టినదో అయితే, వెనక్కి వచ్చినా ఎవరికీ అమ్మలేరు. అప్పుడు ఫీజులో కొంతో, మొత్తమో మీరే భరించడం చవక. చాలా కొరియర్లు పంపినవారి ఖాతా మీదకు సుంకం మార్చుకోవడానికి ఒప్పుకుంటాయి, రాతపూర్వకంగా అడగాలి. సగం భరించాలనుకుంటే డబ్బు ముందే ఇవ్వకండి. "మీరు చార్జీలు చెల్లించి పార్శిల్ తీసుకున్నాక, రసీదు ఫొటో పంపితే ఇంత తిరిగి ఇస్తాను" అని వేదిక ఇన్‌బాక్స్‌లో రాయండి, డెలివరీ అయిన రోజే ఇచ్చేయండి.

నా పేజీలో చార్జీల మాట స్పష్టంగా లేని సందర్భాల్లో నేను మొత్తం భరిస్తాను, బేరం ఆడను. అది ధర్మమే కాదు, కొన్నిచోట్ల చట్టం కూడా. యూరోపియన్ యూనియన్ వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, అదనపు చార్జీల గురించి ఆర్డరుకు ముందు చెప్పకపోతే వాటిని కస్టమర్ భరించాల్సిన పని లేదు.

ఒక పని మాత్రం ఎంత ఒత్తిడి వచ్చినా చేయకండి: తక్కువ విలువతో కొత్త ఇన్వాయిస్ ఇవ్వడం, అమ్మిన వస్తువును బహుమతి అని రాయడం. కస్టమర్లు మంచితనంగానే అడుగుతారు, "గిఫ్ట్ అని రాయండి చాలు" అని. అది తప్పుడు డిక్లరేషన్, నేరం. పట్టుబడితే సరుకు పోతుంది, జరిమానా పడుతుంది, మీ పార్శిళ్ళన్నీ అనుమానపు జాబితాలోకి వెళ్ళవచ్చు. పార్శిల్ పోయినప్పుడు బీమా కూడా మీరు రాసిన విలువ వరకే వస్తుంది.

కస్టమర్ ససేమిరా అంటే మిగిలేవి రెండే: వెనక్కి రప్పించుకోవడం లేదా అక్కడే వదిలేయడం. వదిలేస్తే తిరుగు రవాణా ఖర్చు తప్పుతుంది కానీ, నాశనం చేసినందుకు చార్జీ ఉందా, సుంకం బిల్లు రద్దవుతుందా అని ముందే కొరియర్‌ను అడగండి. నిర్ణయం గడువులోపు మీరే చెప్పాలి. చెప్పకపోతే కొరియర్ తనకు తోచినట్టు చేస్తుంది, గోడౌన్ చార్జీలు రోజురోజుకూ పెరుగుతాయి.

ఆరో అడుగు: రీఫండ్, వివాదం

ఎంత తిరిగి ఇవ్వాలన్నది మీ పాలసీ, వేదిక నియమం, కస్టమర్ దేశపు చట్టం మూడింటి మీదా ఆధారపడుతుంది. యూరోపియన్ యూనియన్ వినియోగదారుకు దూరవిక్రయాల్లో వస్తువు అందిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా ఒప్పందం నుంచి తప్పుకునే హక్కు ఉంది. అలా తప్పుకుంటే వస్తువు ధరతో పాటు మామూలు రకం డెలివరీ చార్జీ కూడా ఇవ్వాలి. వస్తువు చేతికి వచ్చేదాకా, లేదా పంపినట్టు వాళ్ళు రుజువు చూపేదాకా రీఫండ్ ఆపుకోవచ్చు. పార్శిల్ ఊరికే తీసుకోకపోవడం మాత్రం తప్పుకోవడం కిందకు రాదు, ఆ మాట వాళ్ళు స్పష్టంగా చెప్పాలి. కొలతలకు చేసిన వస్తువులకు ఈ హక్కు సాధారణంగా వర్తించదు.

కొందరు మీతో మాట్లాడకుండా నేరుగా బ్యాంకుకు వెళ్ళి "వస్తువు అందలేదు" అని చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) పెడతారు. మీ జవాబులో ఉండాల్సినవి: చెక్అవుట్‌లో చార్జీల సూచన కనిపించే స్క్రీన్‌షాట్, ఆర్డర్ తేదీ నాటి పాలసీ, ట్రాకింగ్ చరిత్ర మొత్తం, "చెల్లింపు కోసం ఎదురుచూస్తున్నాం" అని కొరియర్ రాసిన ఈమెయిల్, కస్టమర్‌కు మీరు రాసిన మెసేజ్‌లు తేదీలతో సహా. వీటిని తేదీల వరసలో పెట్టి, పైన మూడు వాక్యాల్లో కథ చెప్పండి. చదివే మనిషికి మీ ఆవేశం అక్కర్లేదు, తేదీలు కావాలి. గెలుపు ఖాయం కాదు, కానీ కాగితాలు లేనివాళ్ళు ఓడిపోవడం దాదాపు ఖాయం.

ఏడో అడుగు: పార్శిల్ వెనక్కి వస్తే

మీ సొంత సరుకే మీ దేశంలోకి దిగుమతిగా వస్తుంది, దానిమీద మళ్ళీ సుంకం అడగవచ్చు. చాలా దేశాల్లో తిరిగొచ్చిన సరుకుకు మినహాయింపు ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో, బ్రిటన్‌లో సాధారణ గడువు 3 ఏళ్ళు, సరుకు పంపిన స్థితిలోనే ఉండాలి. దానంతటది రాదు, అడిగి తీసుకోవాలి. మొదట పంపినప్పటి ట్రాకింగ్ నంబరు, ఇన్వాయిస్, ఎగుమతి రుజువు కొరియర్‌కు ముందే ఇచ్చి, "చేరక తిరిగొచ్చిన సరుకు" అని రాయించండి.

కొరియర్ బిల్లు వచ్చాక కళ్ళు మూసుకుని కట్టకండి. లేబుల్‌లో డీఏపీ ఉందా, వదిలేసిన పార్శిల్‌కు తిరుగు రవాణా వేశారా, రద్దయిన సుంకం ఇంకా బిల్లులో ఉందా చూడండి. అభ్యంతరం చెప్పడానికి గడువు ఉంటుంది, అది బిల్లు వెనకో, ఒప్పందంలోనో ఉంటుంది.

మళ్ళీ జరగకుండా

ముందు ఏ దేశంలో ఎంత విలువకు ఏ నియమమో తెలిపే మీ పరిమితుల జాబితా కొత్తగా రాసుకోండి, పాతవి చాలా మారాయి. యూరోపియన్ యూనియన్ 2021 జులై 1 నుంచి 22 యూరోల వ్యాట్ మినహాయింపు తీసేసింది. బ్రిటన్‌లో 135 పౌండ్లలోపు సరుకుకు వ్యాట్ అమ్మకం సమయంలోనే వసూలు కావాలి. ఆస్ట్రేలియా 2018 జులై నుంచి 1000 ఆస్ట్రేలియన్ డాలర్లలోపు సరుకుకూ జీఎస్టీ తెచ్చింది, అక్కడ అమ్మకాలు ఏడాదికి 75,000 డాలర్లు దాటిన విక్రేతలు రిజిస్టర్ కావాలి. అన్నిటికంటే పెద్ద మార్పు అమెరికాది: 800 డాలర్లలోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఒక్క డాలరూ కట్టని కస్టమర్‌కు ఇప్పుడు బిల్లు వస్తుంది. పాత కస్టమర్లకు ఈ విషయం ముందే చెప్పండి.

చార్జీల సూచన పాలసీ పేజీ అడుగున ఉంటే లేనట్టే. వస్తువు పేజీలో ధర పక్కన, చెక్అవుట్‌లో డబ్బు కట్టే బటన్‌కు పైన, ఆర్డర్ ఖరారు ఈమెయిల్‌లో, మూడు చోట్లా ఉండాలి. "చార్జీలు పడవచ్చు" అనే మాట ఎవరి కంటికీ ఆనదు. "మీ దేశంలో దిగుమతి పన్ను, కొరియర్ ఫీజు ఈ ధరలో కలపలేదు, డెలివరీకి ముందు అవి మీరు చెల్లించాలి" అని రాయండి. అంచనా అంకె ఇవ్వగలిగితే ఇంకా మంచిది.

డిక్లరేషన్‌లో వస్తువు పేరు విడమరిచి రాయండి. "బట్టలు" కాదు, "మహిళల కాటన్ టీషర్టు, అల్లిక బట్ట" అని. హెచ్‌ఎస్ కోడ్‌లో మొదటి ఆరు అంకెలు ఆ పద్ధతి పాటించే దేశాలన్నిటికీ ఒకటే. కాటన్ టీషర్టుకు 6109.10. మీరు రాయకపోతే అక్కడి బ్రోకర్ తనకు తోచింది రాస్తాడు, దాంతో సుంకం మారిపోవచ్చు. తయారైన దేశం, కస్టమర్ ఫోన్ నంబరు దేశం కోడ్‌తో, ఈమెయిల్, ఈ మూడూ నింపకుండా లేబుల్ తీయకండి.

అన్ని దేశాలకూ ఒక్కసారే డీడీపీకి మారిపోవాల్సిన అవసరం లేదు, దానికి సర్వీసు ఖర్చు ఉంది, ధరలు పెంచాల్సి వస్తుంది. నేను ఒక చిన్న పట్టిక నడుపుతాను: దేశం, వస్తువు, ఎంత ఫీజు పడింది, ఎవరు కట్టారు, ఎన్ని రోజులు ఆగింది. ఒకే దేశం నుంచి మూడో కట్టని ఫీజు వస్తే ఆ దేశానికి డీఏపీ ఆపేసి, సుంకం ధరలో కలిపి డీడీపీ పెడతాను. ఇప్పటివరకు మార్చిన దేశాల్లో ఆర్డర్లు తగ్గలేదు, "మళ్ళీ ఎందుకు కట్టాలి" అనే మెసేజ్‌లు మాత్రం ఆగిపోయాయి.